చెప్పులు విప్పే చోటు

అంబులెన్సులో మా తమ్ముడు మారెన్న వచ్చాడు. అతని కాళ్ళ దగ్గర ప్లాస్టిక్ కవర్లో ఒక చెప్పు వచ్చింది. ఒకటే.

శివరాత్రి పోయిన మూడో రోజు అది. మాదిగవాడ మొదట్లోనే డ్రైవరు బండి ఆపేశాడు, లోపల తిప్పుకునే చోటు లేదని. మేమే మోసుకొచ్చాం. మారెన్న రొయ్యల చెరువుల్లో పనికి పోయి అప్పటికి నెలా పది రోజులు. ఆ ఏడు ఆలూరు చుట్టుపక్కల వాన లేదు. పత్తి మోకాలెత్తు లేవలేదు, శనగ మొలకలోనే మాడింది. సగం వాడ గుంటూరు దిక్కు మిరపకోతకు పోయింది. మారెన్నకు మిరప ఘాటు పడదు, దగ్గు. అందుకని సముద్రం పక్కన పని వెతుక్కున్నాడు. “నీళ్ళ పక్కన పనంట అక్కా, సల్లగుంటాది,” అన్నాడు పోయేటప్పుడు.

వాడి పెండ్లాం చెన్నమ్మ ఏడవలేదు. కవరు విప్పి చెప్పు బయటికి తీసింది. మా నాయిన కుట్టిన చెప్పు. కింద లారీ టైరు, పైన బర్రె తోలు, మడమ వెనక పట్టీ, ఇనుప బకిల్. తుమ్మ ముల్లు దిగదు, పల్లేరుకాయ గుచ్చదు. నాయిన పోయేముందు మూడు జతలు కుట్టాడు, వాడికొకటి, నాకొకటి, కోడలికొకటి. చెన్నమ్మ చేతిలో ఉన్నదాని పట్టీ బకిల్‌లో బిగించే ఉంది. పక్క నుంచి ఎవరో కత్తితో కోసి కాలి నుంచి లాగేశారు.

“రెండోది యాడ?” అని అడిగింది.

“నాకిచ్చింది అదొకటేనమ్మా,” అన్నాడు డ్రైవరు.

“జత ల్యాకుండా ఆయప్పను ఎట్ల పంపేది?”

మా నాయినను పూడ్చినప్పుడు ఆయన తోలు కుట్టే ఆరె, ఆయన చెప్పులు పక్కన పెట్టి మన్ను వేశాం. చెన్నమ్మకు అది మనసులో ఉంది. ఒక చెప్పుతో పంపడానికి ఒప్పుకోలేదు. మారెన్న ఉత్తకాళ్ళతో పోయాడు. ఆ చెప్పు మా ఇంటి గూట్లోకి వచ్చి చేరింది, దీపం బుడ్డి పక్కన.

డ్రైవరు నా చేత సంతకం పెట్టించుకోవడానికి చెరువుల వాళ్ళు రాసిచ్చిన కాగితం తెచ్చాడు. బడికి నేను పోయింది మూడేళ్ళే, మిగతా చదువంతా కరపత్రాల మీద. కానీ కాగితం చదవకుండా సంతకం పెట్టను. అందులో ఇట్లా ఉంది: “హెచ్చరించినను వినక స్వయముగా కాలువలోకి దిగి మునిగి మరణించెను.”

ఆ ముక్క కింద “అబద్ధం” అని రాసి, దాని కింద సంతకం పెట్టాను. ఆలూరు చుట్టుపక్కల నన్ను రత్నమణి అని ఎవరూ అనరు, అర్జీల రత్నక్క అంటారు. ఆ ముక్కను ఆ కాగితంలో నుంచి కొట్టేయించకపోతే నా తమ్ముడు తన తప్పుతోనే చచ్చినట్టు. చంపినవాళ్ళు ముందు రాసేది అదే. ఆ ఎండాకాలం నాకు వేరే పని లేదు. ఆ ముక్క పోవాలి, అంతే.

చెప్పుల సంగతి ఒకటి చెప్పాలి. మా ఊళ్ళో పెద్దవీధి అని ఉంది. బస్సు దిగి వాడకు రావాలంటే ఆ వీధిలోనుంచే రావాలి. వీధి మొదట్లో చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి, చివర్లో తొడుక్కోవాలి. మా తాత పట్టుకున్నాడు, మా నాయిన పట్టుకున్నాడు. కుట్టేది మేము, తొడుక్కోకూడనిదీ మేమే. మూడేళ్ళ కింద దాన్ని తెంపాను. నేను అంటే నా నోరు. కాళ్ళు మారెన్నవి. మొదటి రోజు ఒక్కడే చెప్పులతో నడిచాడు. అరుగు మీద నుంచి ఒకాయన “ఒరే, చెప్పులిప్పరా” అన్నాడు. విప్పలేదు. పై పన్ను ఒకటి పోయింది. మరుసటి వారం పోలీసులను పక్కన పెట్టుకుని ఇరవై మందిమి నడిచాం. ఆ తర్వాత ఎవరూ నోరు తెరవలేదు.

పన్ను పోయిన రోజు సాయంత్రం వాడి దవడకు కాపడం పెడుతూ నేనే అన్నాను. “ఇంగ సచ్చేదాకా ఎవురి ముందరా ఇప్పొద్దురా.”

“గుళ్ళో గూడానా అక్కా?”

“మనల్ని గుళ్ళేకి రానిచ్చినప్పుడు జూద్దాంలే.”

నవ్వాడు. నవ్వితే నొప్పి, అయినా నవ్వాడు.

ఆ నెలంతా ఆఫీసులు తిరిగాను. సంఘటన ఇక్కడ జరగలేదు అన్నారు ఆలూరులో. కర్నూలులో అదే మాట కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పారు. శాంతయ్య అని మా సంఘానికి తెలిసిన వకీలు ఒకాయన ఉన్నాడు, ముసలాయన, చెవి సరిగా వినపడదు, అందుకే గట్టిగా మాట్లాడతాడు.

“నువ్వు అబద్ధమంటే అబద్ధమైపోదు రత్నమ్మా,” అన్నాడు వరండాలో అందరూ తిరిగి చూసేటట్టు. “మనిషిని యా టయానికి పంపినారు, నీళ్ళు యా టయానికొచ్చినాయి, సూసినోళ్ళెవరు. ఇయి గావాల. పోయి ఆ తావు సూసుకోని రా. కొలుసుకోని రా.”

సరే అన్నాను. మారెన్న పోయింది మాఘ అమావాస్య నాడు. నెల తిరిగి అదే తిథికి అక్కడ ఉండాలని అనుకున్నాను. చెన్నమ్మ తనూ వస్తానంది. మాసికం నాడు ఆయన పోయిన చోట ఉంటానంది. కాదనడానికి నేనెవరు.

బయల్దేరే ముందు సాయంత్రం సంచులు సర్దుతుంటే మారెన్న బిడ్డ హిమబిందు, పదో తరగతి, ఫోను పట్టుకుని గడపలో కూర్చుంది.

“అత్తా, సముద్రం ఒడ్డు పక్క నడిసేటోళ్ళు ఏమేం తీసకపోవాల్నో ఈడ రాసినారు. సదవాల్నా?”

“సదువు.”

“బిరీన ఆరిపోయే గుడ్డలు యేసుకోవాల. ఇంగొక జత పొడి గుడ్డలు. టోపీ.”

“టోపీ ఎందుకే, పెండ్లికా?”

“తాగే నీళ్ళు. విజిలు. పోటు ఎన్ని గంటలకో ముందే కనుక్కోవాల.” ఆగింది. “పోటు అంటే ఏందత్తా?”

“సదువుకున్నదానివి, నన్నడుగుతావేం.”

ఆ పిల్ల వేలితో జరుపుకుంటూ చదివింది. “దినానికి రెండుసార్లు నీళ్ళు లేస్తాయంట, రెండుసార్లు దిగుతాయంట.”

“వాన పడకుండానా?”

“అట్లే రాసినారు.”

“రాసేటోళ్ళకేం. వాన పడకుండా నీళ్ళెట్ల లేస్తాయే. ఫోను మూసి ఆ రొట్టెలు గుడ్డలో కట్టు.”

మా ఊరి వంకలో ఇసుక కనపడితే అందులో పడుకోవచ్చు, పంచాయతీ పెట్టవచ్చు. బళ్ళారి దిక్కు మబ్బుందా లేదా చూసుకుంటే చాలు. మబ్బు లేకపోతే ఆ ఇసుక రేపూ ఉంటుంది, వచ్చే నెలా ఉంటుంది. నలభై ఏడేళ్ళుగా నీళ్ళ గురించి నాకు తెలిసింది ఇదే. నీళ్ళ కోసం ఆలూరు నుంచి కర్నూలుకు మూడుసార్లు జనాన్ని నడిపించినదాన్ని. నడకకు ఏం కావాలో నాకొకరు చెప్పాలా?

జొన్నరొట్టెలు పదహారు, చెనిక్కాయల పొడి, నీళ్ళ సీసాలు నాలుగు, గొడుగు, కొలత టేపు, నోటు పుస్తకం, ఆ కాగితం నకలు. తొమ్మిది గజాల చీర కాదు, పాత నేత చీర, బిగుతుగా కట్టుకుంటే ఎంత దూరమైనా జారదు. కాళ్ళకు నాయిన కుట్టిన చెప్పులు. పట్టీ ఆఖరి బొక్కకు బిగించమని చెన్నమ్మకు కూడా చెప్పాను. “దోవలో కాలు జారకూడదు,” అన్నాను. చెన్నమ్మ తన సంచి తనే సర్దుకుంది. మేం గడప దాటేటప్పుడు గూట్లో దీపం బుడ్డి ఒకటే ఉంది. అది నాకు తర్వాత గుర్తొచ్చింది.

గుంతకల్లులో రైలెక్కి గుంటూరు, అక్కడి నుంచి రెండు బస్సులు, ఒక ఆటో. ఆటో గట్టు మీద దింపింది. ఎదురుగా సముద్రం. చెన్నమ్మ నీళ్ళ దాకా పోయి, వేలు ముంచి నాలుకకు రాసుకుంది.

“ఉప్పు,” అంది. “తాగేదానిక్గూడా పనికి రాకపాయె గదా వదినె. ఇన్ని నీళ్ళు.”

రొయ్యల చెరువుల గేటు దగ్గర మేస్త్రీ కుర్చీ వేసుకుని ఉన్నాడు. నలభై ఏళ్ళ మనిషి, మెడలో తువ్వాలు. మేమెవరమో చెప్పగానే లేచి నిలబడ్డాడు. అంత మర్యాద నేను అనుకోలేదు. అది నాకు ఇంకా ఒళ్ళు మండించింది.

“హెచ్చరించినా ఇనలేదని రాసినావే. ఏమని హెచ్చరించినావు?” అన్నాను.

“చెప్పానమ్మా. తూముకి అడ్డంగా వల చుట్టుకుంది, తీసి రమ్మని పంపాను. దిగేటప్పుడు ఇదిగో ఇక్కడి నుంచే అరిచాను. ఒరే, చెప్పులిప్పి దిగరా అని.”

“ఏమన్నావు?”

“చెప్పులిప్పి దిగరా అన్నాను. నా వైపు చూసి నవ్వాడు. ఇప్పను అని అట్లాగే దిగాడు. పది మందీ విన్నారు.”

నాకు సంతోషం కలిగింది. అబద్ధం ఎందుకు, సంతోషమే. నోటు పుస్తకం తీసి వాడి నోట వచ్చిన మాట వచ్చినట్టు రాసుకున్నాను, టైముతో సహా. గేటు దాటి ఇవతలికి రాగానే చెన్నమ్మ భుజం పట్టుకుని ఊపాను.

“ఇనినావా? సెప్పులిప్పమన్నాడంట. వాని నోటితోనే అన్నాడు. ఇది మునిగి సచ్చిన కేసు గాదు సెన్నీ. ఇది వేరే కేసు. మారెన్న తల వంచల్యా. సచ్చేటప్పుడు గూడా వంచల్యా.”

చెన్నమ్మ నా వైపు చూడలేదు. గట్టు కింద నీళ్ళ వైపు చూస్తోంది.

చూసిన మనిషి ఒకామె ఉంది. పేరు కొండలమ్మ. గట్టు చివర నాలుగు గుడిసెల పల్లె ఆమెది, బురదలో గుల్లలు ఏరి అమ్ముకుంటుంది. ఆ రోజు కేకలు పెట్టి మనుషులను పిలిచింది ఆమే. యాభై దాటిన మనిషి, నల్లగా, సన్నగా, మోకాళ్ళ కింద తెల్లటి గీతలు, అన్నీ గుల్లలు కోసిన మచ్చలు. మేము అడగకముందే, “చూపిస్తాను, రేపు మధ్యాహ్నం రండి, పాటు బాగా తీస్తది, నీళ్ళు దిగిపోతయ్యి,” అంది.

మరునాడు అమావాస్య. పన్నెండు గంటలకే పోయాం. ముందురోజు నీళ్ళున్న చోట నీళ్ళు లేవు. బురద, నడుమ సన్నటి కాలువ, ఆ పక్క మడ చెట్లు, దూరంగా సిమెంటు తూము. వాన వెలిసిన మా చేను మాదిరి ఉంది. నేను ఆకాశం చూశాను. ఒక్క మబ్బు తునక లేదు. పదమన్నాను.

“ఏంది చూస్తన్నావమ్మా పైకి?” అంది కొండలమ్మ.

“మబ్బుందేమో అని.”

“ఆకాశం చూడమాక. నీళ్ళు ఎక్కడున్నయ్యో కూడా చూడమాక. ఎటు నడుస్తన్నయ్యో చూడు. అవి సముద్రం దిక్కు పోతన్నంత సేపు మనం లోపలికి పోవచ్చు. ఆగినయ్యంటే తిరగాలి. ఆగినయ్యా అని అనుమానం వచ్చినా తిరగాలి.”

తర్వాత మా ఇద్దరినీ పై నుంచి కింది దాకా చూసింది. మా సంచులు తీసి గట్టు మీద పెట్టించింది. గొడుగు వద్దు, గాలికి మనిషిని పడేస్తుంది. చీర మోకాళ్ళ పైకి ఎత్తి గోచీ పోసుకోవాలి, తడిసిన కుచ్చిళ్ళు కాళ్ళు కట్టేస్తాయి. భుజానికి ఏదీ వేలాడకూడదు. ఏదైనా తీసుకుపోతే మూట కట్టి నెత్తిన పెట్టుకోవాలి, మునిగినా అది పొడిగా ఉంటుంది, చేతులు ఖాళీగా ఉంటాయి. చెరొక కర్ర ఇచ్చింది. నీళ్ళు మాత్రం ఇప్పుడే కడుపు నిండా తాగమంది. చెన్నమ్మ తన సంచిలో నుంచి చిన్న గుడ్డ మూట ఒకటి తీసి నెత్తిన పెట్టుకుంది.

“చెప్పులిప్పండి,” అంది కొండలమ్మ.

నాకు రక్తం నెత్తికెక్కింది. ఆ మాట వింటే నా ఒంటికి అలవాటు అది, నా చేతిలో లేదు.

“ఎవరి ముందర ఇప్పాల?” అన్నాను.

“ఎవరి ముందరేంటి?” కొండలమ్మకు నిజంగా అర్థం కాలేదు. “బురదమ్మా. చెప్పుకాలు దిగితే రాదు. ఉత్తకాలైతే వేళ్ళు ముడిచి పైకి లాక్కోవచ్చు. చెప్పుంటే కింద గాలి పట్టుకుంటది, ఎంత లాగితే అంత దిగుద్ది. మా పిల్లకాయలకు నడక రాకముందే చెప్తాం.” నా కాళ్ళ వైపు చూసింది. పట్టీ వైపు, బకిల్ వైపు. “ఆయన కూడా ఇట్టాంటియ్యే వేసుకున్నాడు. నేనూ అరిచాను ఆ పక్క నుంచి, అయ్యా చెప్పులిప్పుకో అని. చెయ్యి ఊపాడు. మా అక్కకు మాటిచ్చానమ్మా, ఇప్పను అన్నాడు. నవ్వుతానే అన్నాడు.”

గాలి వీస్తోంది. మడ చెట్ల దిక్కు కొంగలు లేచి మళ్ళీ వాలాయి.

“ఎందుకిప్పాల్నో సెప్పినారా వానికి?” అన్నాను.

“ఎందుకో చెప్పేదేముందమ్మా? బురదలో చెప్పులు ఎవరేసుకుంటారు?”

పక్కకు చూశాను. చెన్నమ్మ అప్పటికే కింద కూర్చుని తన పట్టీ విప్పేసింది. రెండు చెప్పులూ జతగా గట్టు మీద పెట్టి, నా కోసం చూస్తోంది.

నేను కూర్చున్నాను. విప్పాను.

తూము దాకా ముప్పై అయిదు నిమిషాలు పట్టింది. మా నేల గట్టిది. ముల్లు గుచ్చుతుంది, కాలుతుంది, కానీ మనిషిని పట్టుకోదు. ఇక్కడ ప్రతి అడుగూ నేల కాలిని అడిగి తీసుకుంటుంది. రెండుసార్లు మోకాలి దాకా దిగబడ్డాను. రెండుసార్లూ కొండలమ్మ చెప్పినట్టు వేళ్ళు ముడిచి, కర్ర మీద బరువు వేసి, మెల్లగా తీసుకున్నాను. వచ్చింది కాలు. ఉత్తకాలు కాబట్టి వచ్చింది.

తూముకు ఇవతల పది గజాల దూరంలో కొండలమ్మ నిలబడింది.

“ఇక్కడ. వల తీసి తిరిగి వస్తా వస్తా దిగబడ్డాడు. నేను ఆ దిబ్బ మీదున్నాను. నడుమ కాలువ నిండిపోయింది అప్పటికి. మేస్త్రీ వాళ్ళు పడవ కోసం పోయారు. నీళ్ళు నడుముకొచ్చినయ్యి. అప్పుడు వంగాడు. కాలి దగ్గర ఏందో చేసుకుంటన్నాడు. మునిగాడు, లేచాడు, మళ్ళీ మునిగాడు. ఒకటి ఇప్పుకున్నట్టున్నాడు. రెండోదానికి...” ఆమె అక్కడ ఆపేసింది.

ఒకటి విప్పాడు. పెద్దవీధిలో పన్ను పోయినా విప్పనివాడు.

చెన్నమ్మ నెత్తి మీది మూట దించింది. విప్పితే గూట్లోని చెప్పు. కోసిన పట్టీ సూదితో కుట్టి ఉంది. ఎప్పుడు కుట్టిందో నాకు తెలియదు. మోకాళ్ళ మీద కూర్చుని, ఆ చోట రెండు చేతులతో బురద తవ్వింది. తవ్వినకొద్దీ గుంట పూడిపోతోంది. రెండోదాని కోసం వెతుకుతోందేమో అనుకున్నాను. కాదు. మోచేతి దాకా చెయ్యి పెట్టి ఈ చెప్పును లోపలికి తోసింది. ఇంకా లోపలికి. చెయ్యి బయటికి తీసినప్పుడు బురద దానంతట అదే మూసుకుంది.

“జతాయె,” అంది. ఎవరితోనో మరి.

“నీళ్ళు ఆగినయ్యి,” అంది కొండలమ్మ. “పదండి.”

ఎండ అట్లాగే ఉంది. ఆకాశం అట్లాగే ఉంది. కాలువలో తేలుతున్న ఒక మడ ఆకు సముద్రం వైపు పోవడం మానేసి, నిలబడి, మా వైపు తిరిగింది. అంతే. చప్పుడు లేదు. మేము గట్టెక్కేసరికి తూము సగం లేదు. ఇంకొక గంటకు మేము నిలబడిన చోట మనిషి మునిగే నీళ్ళు. నోటు పుస్తకంలో టైములన్నీ రాశాను, చేతి నుంచి బురద కారుతుంటే రాశాను.

కొండలమ్మ మా కాళ్ళ మీద మంచినీళ్ళు పోసింది. చెన్నమ్మ పాదానికి గుల్ల కోసుకుంది, పసుపు అద్దింది. “అమావాస్య నాడు మూడింటికి ఎవరన్నా మనిషిని తూముకి పంపుతారా అమ్మా?” అంది కొండలమ్మ తలెత్తకుండా. “రెండు లోపల తిరిగి రావాలి. వాళ్ళ రొయ్యకు నీళ్ళు కావాలి. అడిగితే నేను చెప్తాను, ఎక్కడైనా చెప్తాను. ఆ చెప్పుల మాట కూడా అడిగితే చెప్పాల్సొస్తది మరి.”

“సెప్పు,” అన్నాను.

తిరుగు రైలు నంద్యాల దాటింది. రొట్టెలు అట్లాగే గుడ్డలో ఉన్నాయి. కిటికీ దిక్కు తిరిగి కూర్చుని చెన్నమ్మ ఒకే ఒక మాట అంది.

“ఇప్పొద్దని సెప్పినదానివి, యాడ ఇప్పాల్నో గూడా సెప్పుండాల్సింది వదినె.”

“నాకు తెలీదు గదే.”

“అదే,” అంది.

తిట్టి ఉంటే బాగుండు. అరిచి, నా జుట్టు పట్టుకుని ఉంటే నాకు జవాబు ఉండేది. నా దగ్గర ప్రతిదానికీ జవాబుంటుంది.

నేను తర్వాత అర్జీ రాశాను. పోటు వచ్చే టైముకు మనిషిని పంపారు, చెరువు గట్టు మీది దారి కూలీలకు మూసేశారు, తాడు ఇవ్వలేదు, పడవ లేదు, వాడు పుట్టి సముద్రం చూడనివాడని తెలిసీ పంపారు. అన్నీ రాశాను. ఒక్క అక్షరం అబద్ధం లేదు. కేసు నడుస్తోంది, వదలను. హెచ్చరించినా వినలేదు అన్న ముక్క మాత్రం ఆ కాగితంలో ఇంకా ఉంది. కొట్టేయమని నేను రెండోసారి అడగలేదు. వాడు నా మాట విన్నాడు, అందుకే వాళ్ళ మాట వినలేదు. ఇది అర్జీలో రాయలేదు. ఇక్కడ రాస్తున్నాను.

మేము ఊరి రోడ్డు దగ్గర బస్సు దిగింది ఉగాది నాడు, ఎండ నడినెత్తిన. మాకు ఆ ఏడు పండగ లేదు. నేను గట్టు దగ్గర విప్పిన చెప్పులు మళ్ళీ తొడుక్కోలేదు. సంచిలోనే ఉన్నాయి. గుంటూరు బస్టాండులో, రైల్లో, గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద ఉత్తకాళ్ళతోనే తిరిగాను. తారు రోడ్డు కాలుతోంది. కాలితే కాలనీ అనుకున్నాను. చెన్నమ్మ అంతా చూస్తూనే ఉంది. ఆమె కాళ్ళకు ఆమె చెప్పులున్నాయి.

పెద్దవీధి మొదట్లో ఇళ్ళకు మామిడాకులు కట్టి ఉన్నాయి. అరుగుల మీద కొత్త పంచెలు, పేకాట. మమ్మల్ని చూసి ఒకాయన పక్కవాడిని మోచేత్తో పొడిచాడు. చూపు నా మొహం మీద లేదు, కాళ్ళ మీద ఉంది. ఇంకొకాయన మెల్లగా పేక కింద పెట్టి నవ్వాడు.

చెన్నమ్మ ఆగింది. నా భుజం మీది సంచి దించి, చెప్పులు తీసింది. ఎండిన బురద ఉంది వాటికి. ఒకదానితో ఒకటి కొట్టి దులిపి, నా పాదాల ముందర వీధి నడుమ జతగా పెట్టింది.

“తొడుక్కో వదినె,” అంది. “పెద్దవీధొచ్చింది.”

తొడుక్కున్నాను. పట్టీ బిగించుకోబోతే బకిల్ చేతికి దొరకలేదు, కళ్ళు కనపడలేదు. చెన్నమ్మే వంగి బిగించింది, రెండు కాళ్ళకూ. ఆఖరి బొక్కకు కాదు. ఒక బొక్క వదులుగా.